అంబాసిడర్ డిక్కీకి ఎపాక్సీ ప్రైమర్, పీయూ పెయింట్: ఇన్నేళ్లు వాడాక

పాత బండికి డిక్కీ లోపల రంగు వేయించాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. పైన ఏ రంగు కొట్టాలన్నది తర్వాత చూసుకోవచ్చు, రేకుకీ రంగుకీ మధ్య ఏం పడుతోందో అది చూసుకోండి. మా అంబాసిడర్ మార్క్ 4 డిక్కీకి 2021 ఫిబ్రవరిలో చిత్తూరులోనే ఎపాక్సీ ప్రైమర్ (రేకు మీద మొదట పడే పూత), దాని మీద పీయూ (పాలీయురెథేన్) పెయింట్ వేయించాను. బండి నాన్న కాలం నుంచి ఇంట్లో ఉంది. షోకు కోసం కవర్ కప్పి పెట్టిన బండి కాదు, ఇప్పటికీ తోటకీ, కాణిపాకానికీ, తిరుపతికీ దీంట్లోనే వెళ్తాం. డిక్కీలో జాకీ, పానాల సంచి, నీళ్ల క్యాను ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి ఇక్కడ రాసేదంతా బాగా వాడిన డిక్కీ గురించి.

పని మొదలుపెట్టక ముందు పైకి చూస్తే డిక్కీ బాగానే ఉండేది. రబ్బరు మ్యాటు తీస్తే కింద తెల్ల ఎనామిల్, దాని కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని కింద తుప్పు. స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం కదిలిస్తే చాలు, ఎడమ మూల టెయిల్ ల్యాంపు కింద తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా లేచి వచ్చింది, ఆ తర్వాత కింద నేల కనిపించింది. ఎప్పుడో ఎవరో తుప్పు మీదే లప్పం పెట్టి, దానిమీద రంగు కొట్టి ఇచ్చేశారు. లప్పం తేమను పట్టి ఉంచుతుంది, మ్యాటు ఆ తేమను ఆరనివ్వదు, ఇక లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

మేస్త్రీ మంచివాడే, చేతిలో పనుంది, కానీ ఆయన మొదటి మాట ఇది: "డిక్కీ లోపల ఎవురు జూస్తారునా, రెడ్ ఆక్సైడ్ పెట్టి ఎనామిల్ కొట్టేస్తే సరిపోతాది." చాలా షెడ్లలో ఇదే చెప్తారు, ఎందుకంటే బయట మెరిస్తే చాలు అని డబ్బులిచ్చేవాళ్లే ఎక్కువ. నేను ఒప్పుకోలేదు. బండి బయటి రంగు పాడైతే మళ్లీ కొట్టించుకోవచ్చు, డిక్కీ ఫ్లోరు పోతే మాత్రం రేకు పనికి మళ్లీ మొదటికి రావాలి.

రేకు పని గురించి ఎక్కువ చెప్పను. పెట్రోల్ ట్యాంకు దించకుండా డిక్కీలో వెల్డింగ్ ముట్టించనివ్వకండి, అది మాత్రం గట్టిగా చెప్తాను. కుళ్లిన భాగం కోసేసి సీఆర్ రేకుతో, అంటే జింకు పూత లేని మామూలు ఉక్కు రేకుతో, అతుకు వేశారు. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దన్నాను, ఎందుకంటే దాన్ని వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే మనిషికి జ్వరం వచ్చేస్తుంది. గ్యాస్ వెల్డింగ్ కాకుండా సీఓటూ వెల్డింగ్ చేయించడం వల్ల వేడికి రేకు వంకర పోలేదు, లప్పం అవసరం దాదాపు రాలేదు.

అసలు విషయం ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో సన్నటి రంధ్రాలుంటాయి, తేమ మెల్లగా దాని గుండా రేకు దాకా చేరుతుంది. పైన రంగు గట్టిగా ఉన్నంతవరకు ఫరవాలేదు, ఎక్కడో గీత పడిందంటే అక్కడి నుంచి రంగు కిందే తుప్పు పాకుతూ పోతుంది. ఎపాక్సీ ప్రైమర్ రెండు డబ్బాల సరుకు, హార్డెనర్ కలిపితే రసాయన చర్యతో గట్టిపడుతుంది. ఉత్త రేకును గట్టిగా పట్టుకుంటుంది, నీటిని అంత సులభంగా లోపలికి రానివ్వదు. దీనికున్న పెద్ద లోపం ఎండ, ఎండలో పెడితే పైపొర సుద్దలా పొడి రాలుతుంది. డిక్కీ లోపల ఎండే పడదు, అందుకే ఆ చోటుకి ఇది సరిగ్గా సరిపోతుంది.

దీన్ని వేసే ముందు చేసే పని ఇంకా ముఖ్యం. వైర్ బ్రష్ కప్పుతో రేకు తెల్లబడేదాకా రుద్దించాం. బ్రష్ దూరని జాయింట్లలో తుప్పును మార్చే మందు పూశారు. అందులో ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్, తుప్పు మీద పడితే అది నల్లబడి ఐరన్ ఫాస్ఫేట్ అవుతుంది. దాన్ని అలాగే వదిలేసి మీద ఎపాక్సీ కొట్టకూడదు. మిగిలిన యాసిడ్ ఎపాక్సీని సరిగ్గా గట్టిపడనివ్వదు. కాబట్టి డబ్బా మీద రాసినట్టు కడిగించి, బాగా ఆరనిచ్చి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ప్రైమర్ కొట్టించాను. రేకును రాత్రంతా అలా ఉత్తగా వదిలేస్తే పొద్దునకల్లా ఎర్రటి పొడి మొదలవుతుంది. ప్రైమర్ ఆరాక ప్రతి జాయింటు మీదా సీమ్ సీలర్ (అతుకుల సందులు మూసే ముద్ద) పెట్టి, దాని మీద లేత బూడిద రంగు పీయూ కొట్టించాం. మెరుపు తగ్గించే మందు కలిపి, పూర్తి మ్యాట్ కాకుండా నడిమధ్యన ఉంచాం.

డిక్కీలో స్ప్రే గన్ పట్టుకోవడం బానెట్ మీద కొట్టినట్టు ఉండదు. మూడు వైపులా గోడలే కాబట్టి గాలి తిరిగి ముఖం మీదకే వస్తుంది, దుమ్ములా లేచిన రంగు అప్పుడే కొట్టిన చోట పడి గరుకు తేలుతుంది. ప్రెషర్ తగ్గించి, టచప్‌కి వాడే చిన్న గన్‌తో, ముందు మూలలు, తర్వాత పక్కలు, ఆఖరున ఫ్లోరు, ఆ వరసలో చేస్తే బాగా వచ్చింది. ఇంకోటి, పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. దాన్ని పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొద్ది వాసనకే ఊపిరి ఆడదు. మన షెడ్లలో ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని కొట్టేస్తుంటారు, అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉంటే అన్నిటికంటే మేలు. మన దగ్గర అది దొరకడం కష్టం, కాబట్టి కనీసం కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు మీరే కొని మేస్త్రీ చేతికివ్వండి. రంగు ఖర్చులో అది ఒక మూలకు రాదు.

ఇక వాడకం సంగతి. మొదటి పరీక్ష 2021 నవంబరు వానలు. తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచిన ఆ వానలకు మా బండి చిత్తూరులో బయటే తడిసింది. వాన తగ్గాక డిక్కీ తెరిస్తే కుడి మూల నీళ్లు నిలిచి ఉన్నాయి. తుడిచి, మ్యాటు ఎండబెట్టి, టార్చి వేసి జాయింట్లన్నీ చూశాను, ఎక్కడా ఉబ్బులేదు, ఎర్ర గీత లేదు. ఈమధ్య మళ్లీ మ్యాటు ఎత్తి చూశాను, ఇప్పటికీ లేదు. వేసవిలో తోతాపురి కాయలు క్రేట్లలో తెస్తాం. ఆ సొన పాత ఎనామిల్ మీద పడితే మచ్చ పోయేది కాదు, కొన్నిచోట్ల రంగు ముడతలు పడింది. పీయూ మీద కూడా మచ్చ పడుతుంది, కానీ సబ్బునీళ్లతో అదే రోజు తుడిస్తే పోతుంది. కాణిపాకం నుంచి వస్తూ కొబ్బరినీళ్లు ఒలికినా ఏమీ కాలేదు.

మా బావమరిది తన ప్రీమియర్ పద్మినికి అదే ఏడాది వేసవిలో రెడ్ ఆక్సైడ్, ఎనామిల్‌తో చేయించాడు. రేకు పని అతనిదీ బాగానే ఉంది, మేస్త్రీ కూడా అదే మనిషి. రెండో వానాకాలం దాటేసరికి స్టెపినీ రాసుకునే చోట రంగు లేచింది, ఇప్పుడు ఆ చుట్టూ అరచేయంత మేర గోరుతో గీకితే ఊడొస్తోంది. మా డిక్కీలో కూడా జాకీ పడి అంచు దగ్గర రేకు దాకా గీత పడింది, కానీ తుప్పు ఆ గీత వరకే ఉంది, పక్కకి పాకలేదు. నాకు ఈ తేడా ఒక్కటి చాలు.

ఇబ్బందులు లేవని కాదు. ఖర్చు ఎక్కువ, ప్రైమరూ పీయూ రెండూ కలిపి ఎనామిల్ ఖర్చుకు చాలా పైనే అయింది. చిన్న గీతకి టచప్ చేయాలన్నా హార్డెనర్ కొలిచి కలపాలి, కలిపింది కాసేపటికే గట్టిపడిపోతుంది, ఎండాకాలంలో ఇంకా తొందరగా. లేత బూడిద రంగు మీద గ్రీజు మరక వెంటనే కనబడుతుంది. నాకు అదే కావాలి, ఎక్కడ కారుతోందో తెలుస్తుంది, కానీ ఎప్పుడూ శుభ్రంగా కనబడాలనుకునేవాళ్లకి చికాకే. మెరుపు తగ్గించాం కాబట్టి గుడ్డతో గట్టిగా రుద్దిన చోట మాత్రం నున్నగా మెరుస్తోంది, దానికి మందు లేదు.

ఎంత మంచి రంగు వేసినా నీళ్లు వచ్చే దారి మూయకపోతే లాభం లేదు. డిక్కీ రబ్బరు అంచుకి ముగ్గుపిండి రాసి మూత వేసి తీయండి, పిండి ఎక్కడ అంటుకోలేదో అక్కడ రబ్బరు ఆనడం లేదని అర్థం. మా బండికి హింజ్‌ల దగ్గర అంటుకోలేదు, రబ్బరు మార్పించాం. ఆ తర్వాత కూడా కుడి మూల తడి వస్తూనే ఉంటే, లోపల ఒకరు టార్చితో కూర్చుని బయట ఇంకొకరు మగ్గుతో నీళ్లు పోస్తూ వెతికితే, వెనక అద్దం రబ్బరు నుంచి దిగుతోందని తేలింది. టెయిల్ ల్యాంపు గ్యాస్కెట్లు కూడా చూసుకోండి. ఫ్లోరులో నీళ్లు పోయే రంధ్రాలను సీలర్‌తో మూసేయకుండా పక్కనే ఉండి చూసుకోండి, పనివాళ్లు తొందరలో మూసేస్తారు.

ఫ్లోరు లోపలి వైపు రబ్బరు కోటింగ్ కొట్టిద్దామని కొందరు చెప్తారు. అడుగున, టైర్లు రాళ్లు చిమ్మే చోట అది మంచిదే. లోపల మాత్రం నేను వద్దనే చెప్తాను, ఒకచోట లేచిందంటే దాని కింద నీళ్లు చేరి కంటికి కనబడకుండా తినేస్తాయి. కార్పెట్ జిగురుతో అంటించడం కూడా అంతే. ఎత్తి చూసుకోవడానికి వీలుగా విడి మ్యాటు వేసుకోండి.

మన చిత్తూరు, తిరుపతి వైపు ఈ పనికి జనవరి చివర నుంచి మార్చి మధ్య దాకా మంచి కాలం. మే నెల ఎండలో రంగు రేకు మీద పరుచుకోకముందే ఆరిపోయి ఇసుకలా తయారవుతుంది, తప్పకపోతే మెల్లగా ఆరే థిన్నర్ అడిగి తీసుకుని తెల్లవారుజామున కొట్టించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు పెట్టుకోవద్దు.