పక్షుల కోసం ఆటపాక మేలా, పులికాట్ మేలా?

డిసెంబరు వచ్చిందంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఈసారి మా చెల్లెలు. "పిల్లలకు సైబీరియా పక్షుల్ని చూపిద్దామనుకుంటున్నాం అన్నయ్యా, కొల్లేరు వెళ్ళమంటావా, సూళ్ళూరుపేట వెళ్ళమంటావా?" అంది. అంటే కొల్లేరులోని ఆటపాకా, సూళ్ళూరుపేట పక్కనున్న పులికాట్ సరస్సా అని.

ముందు ఆ సైబీరియా సంగతి తేల్చాలి. ఆటపాకలోనూ, పులికాట్ దగ్గరి నేలపట్టులోనూ వందలకొద్దీ కనిపించే గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి రావు. అవి మన దక్షిణాది పక్షులే. వానలు పడి చెరువులు నిండితే, గూళ్ళు పెట్టుకోవడానికి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారతాయి. ఎర్రకాళ్ళ కొంగలూ అంతే. నిజంగా ఉత్తర దేశాల చలిని తప్పించుకుని వచ్చేవి సూదితోక బాతులు, గాడ్‌విట్‌లు, బురదలో గబగబా పరుగులు పెట్టే ఉల్లంకి పిట్టలు. వీటి గూళ్ళు మనకు కనపడవు. ఇక్కడ చలికాలం గడిపి వెళ్ళిపోతాయి.

కాబట్టి గూళ్ళు చూడాలా, దూరం నుంచి వచ్చినవాటిని చూడాలా? నా లెక్క దాన్ని బట్టే.

గూళ్ళంటే కళ్ళు మూసుకుని ఆటపాక చెప్తాను. కైకలూరు పక్కనే. చెరువులో అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద పక్షులు కాపురాలు పెడతాయి, పడవ ఎక్కితే దగ్గరగా కనిపిస్తాయి. ఒకసారి ఒక గూడబాతు పిల్ల, తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. చేప దొరికేదాకా బయటికి తీయలేదు. తల్లి పైముక్కు అంచున వరసగా ఉన్న మచ్చలు బైనాక్యులర్స్ లేకుండానే లెక్కపెట్టొచ్చు. ఐదారేళ్ళ పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదు.

కానీ ఉల్లంకి పిట్టలకు లోతు లేని నీళ్ళు, మెత్తటి బురద కావాలి. కొల్లేరులో ఎక్కడ చూసినా లోతైన చేపల చెరువులు, నిటారు గట్లు. 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. అయినా ఆ బురద నేల మళ్ళీ పూర్తిగా తేరుకోలేదు. తలచుకుంటే బాధేస్తుంది.

పులికాట్ అలా కాదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. ఫ్లెమింగోలు తల కిందులుగా నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద తొక్కుతూ, ముక్కుతో వడకట్టుకుని తింటుంటాయి. గులాబీ రంగు గుంపులో మట్టిరంగువి కనిపిస్తే అవి వేరే జాతి కాదు, ఇంకా రంగు తిరగని పిల్లలు. మన దేశంలో ఇవి పెద్దయెత్తున గూళ్ళు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో.

పులికాట్‌తో చిక్కు ఏంటంటే, పక్షులు ఎంత దూరంలో ఉంటాయో చెప్పలేం. ఈశాన్య రుతుపవనాలు దంచికొడితే నీరు లోతెక్కి అవి చెల్లాచెదురవుతాయి. అసలు వానే లేకపోతే సరస్సు ఎండి ఇంకా దూరం జరుగుతాయి. బైనాక్యులర్స్ లేకుండా వెళ్ళొద్దు. రోడ్డు తూర్పుకు వెళ్తుంది, చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి, శ్రీహరికోట వైపు వెళ్తున్నప్పుడు ఎడమ పక్కనున్న పక్షులే స్పష్టంగా కనిపిస్తాయి. కుడి పక్కవి నల్లటి నీడల్లా ఉంటాయి.

పులికాట్‌కు నేనెక్కువ మార్కులు వేయడానికి ఇంకో కారణం నేలపట్టు. సుమారు 20 కిలోమీటర్ల దూరం. అక్కడ గూడబాతులు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు పెడతాయి. చెట్టు చుట్టూ నీళ్ళుంటే నక్కలూ పిల్లులూ రాలేవు కదా. పొద్దున పులికాట్, సాయంత్రం నేలపట్టు చూస్తే రెండూ ఒకే రోజులో అయిపోతాయి. ఆటపాకకు ఆ సౌకర్యం లేదు.

అరుదైన పక్షే కావాలంటే మాత్రం ఈ రెండూ కాదు, కాకినాడ దగ్గర కోరంగి తీరం. కింది ముక్కు పైముక్కు కంటే పొడుగ్గా ఉండే ఇండియన్ స్కిమ్మర్ చలికాలంలో అక్కడి ఇసుక తిన్నెల మీదికి వస్తుంది. అయితే ఆటుపోట్ల వేళలు తెలిసినవాళ్ళు తోడుండాలి, పిల్లలతో కష్టం.

మా చెల్లెలి పిల్లలకు పదేళ్ళు దాటాయి. పులికాటే చెప్పాను. నా బైనాక్యులర్స్ కూడా ఇచ్చి పంపుతున్నాను.