చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి: క్లౌడ్ లోడ్ బ్యాలెన్సర్‌తో నాలుగేళ్లు

మా పోర్టల్ ముందు క్లౌడ్ లోడ్ బ్యాలెన్సర్ (సైటుకి వచ్చేవాళ్లను సర్వర్ల మధ్య పంచే అద్దె సర్వీసు) పెట్టి నాలుగేళ్లు దాటింది. లిసనర్ అంటే ఏమిటో, టార్గెట్ గ్రూపు ఎలా కట్టాలో చెప్పే వీడియోలు తెలుగులోనే కావలసినన్ని ఉన్నాయి, ఆ జోలికి వెళ్లను. అసలు నేను దాన్ని పెట్టుకున్నది లోడ్ పంచడానికి కాదు. కోనసీమ, రాజమండ్రి వైపు ఓ పదీ పదిహేను ప్రైవేటు డిగ్రీ కాలేజీలు ఫీజులు కట్టించుకోవడానికి, హాల్‌టికెట్లు ఇవ్వడానికి వాడే పోర్టల్ మాది. ఏడాదిలో నాలుగైదు రోజులు తప్ప మా మూడు సర్వర్లూ ఈగలు తోలుకుంటూ ఉంటాయి. నాకు కావలసిందల్లా సర్టిఫికెట్ గోల వదలడం. సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి చూపించే గడువున్న పత్రం అది.

అంతకుముందు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ వాడేవాళ్లం. అప్పట్లో దాని ఆయుష్షు 90 రోజులు. ఒక్క సర్వర్ ఉన్నన్నాళ్లూ సర్ట్‌బాట్ (సర్టిఫికెట్ తెచ్చి, రెన్యూ చేసే ప్రోగ్రామ్) తన పని తాను చేసుకుపోయింది. మూడు సర్వర్లయ్యాక మొదలైంది తంటా. డీఎన్‌ఎస్‌లో, అంటే సైటు పేరుకి సర్వర్ చిరునామా చెప్పే పట్టికలో, మూడు ఐపీలు. సర్ట్‌బాట్ ఒకటో సర్వర్‌లో ఫైలు పెట్టి కూర్చుంటే, డొమైన్ మాదేనా అని తనిఖీకి వచ్చిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు వెళ్లి మూడో సర్వర్ తలుపు కొట్టేవాళ్లు. అక్కడ ఫైలుండదు, రెన్యువల్ ఫెయిల్. దీనికి సరైన దారులు ఉన్నాయని తెలుసు, కానీ తీరిక లేక ఒకచోట ఎలాగోలా రెన్యూ చేసి, మిగతా రెండింటికీ కాపీ చేసి, వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జిన్‌ఎక్స్‌ని రీలోడ్ కొట్టడానికి అలవాటు పడ్డాను. ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ. ఒకసారి చెల్లెలి పెళ్లిలో బంతి మీద కూర్చుని ఆ పని చేస్తుంటే పెదనాన్న "అన్నం ముందు పెట్టుకుని ఆ ఫోనేంట్రా" అని కసిరారు.

2021 జూన్‌లో లోడ్ బ్యాలెన్సర్‌కి మారాక ఆ అలారం తీసేశాను. క్లౌడ్ వాళ్లే ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తారు. డొమైన్ మనదేనని నిరూపించుకోవడానికి డీఎన్‌ఎస్‌లో ఒక సీనేమ్ రికార్డు (ఒక పేరును ఇంకో పేరుకి చూపించే వరుస) పెట్టమంటారు. దాని పేరు అండర్‌స్కోర్‌తో మొదలై, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉంటుంది. అప్పట్లో ఆ సర్టిఫికెట్ గడువు 13 నెలలు. అది ముగియడానికి 60 రోజుల ముందు ఆ రికార్డు ఇంకా ఉందో లేదో చూసుకుని, కొత్తది తెచ్చి, తనంతట తానే తగిలించుకునేది. 2022లో ఒకసారి, 2023లో ఒకసారి రెన్యూ అయింది. రెండుసార్లూ నాకు తెలియనే లేదు. కనిపించిన ప్రతివాడికీ చెప్పాను: "ఇది పెట్టుకో, ఇక సర్టిఫికెట్ సంగతే మర్చిపో".

మిగతా సెక్యూరిటీ అంతా ఒక మధ్యాహ్నం పని. 80 పోర్టుకి (మామూలు హెచ్‌టీటీపీ) వచ్చినవాళ్లను 443కి (భద్రమైన హెచ్‌టీటీపీఎస్) పంపడం ఒక రూలు. హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండే ఎన్‌క్రిప్షన్ పద్ధతి టీఎల్‌ఎస్‌లో పాత 1.0, 1.1 మూసేయడం జాబితాలో ఒక పాలసీ ఎంచుకోవడమే. సర్వర్ల పబ్లిక్ ఐపీలు తీసేసి, లోడ్ బ్యాలెన్సర్ నుంచి వచ్చే ట్రాఫిక్‌ను మాత్రమే రానిచ్చాను. దాంతో రాత్రంతా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) మీద పాస్‌వర్డ్లు వెతికే ఆగంతకులు లాగుల్లోంచి మాయమైపోయారు. ఈ ఒక్కదానికే డబ్బులు గిట్టినట్టు. మొదటి వారంలో ఒక తమాషా జరిగింది. తప్పు పాస్‌వర్డు ఎక్కువసార్లు కొట్టిన ఐపీని ఆపేసే కోడ్ మా యాప్‌లో ఉంది. ఇప్పుడు అందరూ లోడ్ బ్యాలెన్సర్ ఐపీతోనే వస్తున్నట్టు కనబడతారు కదా, ఎవరో ఒక కుర్రాడు పదిసార్లు తప్పు కొట్టగానే యాప్ ఏకంగా లోడ్ బ్యాలెన్సర్‌నే బయటికి నెట్టేసింది. వచ్చినవాళ్ల అసలు ఐపీ రాసి ఉండే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ చదివేలా మార్చాక సర్దుకుంది.

అదే ఊపులో హెచ్‌ఎస్‌టీఎస్ కూడా పెట్టాను. 'ఏడాది పాటు ఈ సైటుకి హెచ్‌టీటీపీఎస్‌లో తప్ప వెళ్లకు' అని బ్రౌజర్‌కి చెప్పే హెడర్ అది. 3,15,36,000 సెకన్లు. సెక్యూరిటీ టెస్టులో ఏ ప్లస్ వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెట్టుకున్నాను కూడా.

ఇక అసలు కథ. 2023 అక్టోబరులో డొమైన్ రెన్యువల్ ఖరీదు పెరిగిందని డొమైన్‌నూ, దాంతోపాటు డీఎన్‌ఎస్‌నూ ఇంకో కంపెనీకి మార్చాను. కొత్తచోట ఒక బటన్ నొక్కితే పాత రికార్డులన్నీ స్కాన్ చేసి తెచ్చుకుంటుంది. తెచ్చుకుంది కూడా. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ వచ్చింది, మెయిల్ రికార్డులు వచ్చాయి. అలాంటి స్కాన్ మామూలుగా అందరూ వాడే పేర్లను వెతుకుతుంది. ఆ అండర్‌స్కోర్ గజిబిజి పేరుని అది ఊహించలేదు కాబట్టి రాలేదు. నాకు ఆ పేరు గుర్తుంటే కదా, లేదని తెలియడానికి. సైటు తెరిచి చూశాను, పని చేస్తోంది. మెయిల్ పంపి చూశాను, వెళ్తోంది. పాత ఖాతా మూసేశాను.

సర్టిఫికెట్‌కి అప్పటికింకా ఏడు నెలల ఆయుష్షుంది. అందుకే ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడూ జరగలేదు. దసరా అయింది, సంక్రాంతి అయింది. మార్చిలో క్లౌడ్ రెన్యువల్‌కి ప్రయత్నించి, రికార్డు దొరక్క, మెయిల్ పంపింది. ఒకటి కాదు, నాలుగు. అవన్నీ ఆ క్లౌడ్ ఖాతా మొదట తెరిచినప్పుడు మా పాత భాగస్వామి పెట్టిన ఇన్‌బాక్స్‌లో పడ్డాయి. ఆయన వేరే ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది.

2024 మేలో ఒక రోజు. సెమిస్టర్ పరీక్ష ఫీజుకి అదే ఆఖరి తేదీ. పొద్దున్నే మా ఆవిడ వచ్చి లేపింది. "ఏమండీ, ఆ ఫోన్ ఆగకుండా మోగుతోంది, చూడండి." ఆరున్నర కాలేదు. అవతల ఒక కాలేజీ ఆఫీసు మేడమ్. "సార్, మన సైట్‌లో ఎర్రగా ఏదో వస్తోందండీ. కనెక్షన్ ప్రైవేట్ కాదంటోంది. హాస్టల్ పిల్లలు రాత్రి నుంచి కడుతున్నారంట, ఐదున్నర నుంచి ఎవరికీ రావట్లేదట."

ఐదున్నర అనగానే నాకు బుర్ర వెలగాల్సింది. సర్టిఫికెట్ గడువు గ్రీన్‌విచ్ లెక్కన రాత్రి 11:59:59తో ముగుస్తుంది. మనకు అది సరిగ్గా తెల్లవారుజాము ఐదున్నర. కానీ నిద్రమత్తులో నేను చేసిన మొదటి పని లాప్‌టాప్ తెరిచి హెల్త్ చెక్ చూడటం. మూడు సర్వర్ల పక్కనా మూడు పచ్చ చుక్కలు. మా అలర్టులన్నీ వాటికే కట్టి ఉన్నాయి, అందుకే ఒక్కటీ మోగలేదు. మోగదు కూడా. హెల్త్ చెక్ అంటే లోడ్ బ్యాలెన్సర్ లోపలివైపు తిరిగి సర్వర్లను "బాగున్నారా" అని అడగడం. వీధి వైపు తలుపుకి తాళం పడిందో లేదో దానికి పట్టదు. పావుగంట సేపు "మా దగ్గర అంతా బాగానే ఉందండీ, మీ నెట్ చూసుకోండి" అని నలుగురికి చెప్పాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఎప్పటికో నా ఫోన్‌లో తెరిచి చూస్తే ఎర్ర పేజీ. మామూలుగా అయితే గడువు తీరిన సైటుకి కింద 'అడ్వాన్స్‌డ్' నొక్కి, 'అయినా సరే వెళ్తాను' అనే దారి ఉంటుంది. మాకు ఆ దారి లేదు. హెచ్‌ఎస్‌టీఎస్ పెట్టుకున్న సైటుకి ఆ అవకాశం ఇవ్వకూడదని నియమంలోనే ఉంది. ఏ ప్లస్ కోసం నేను పెట్టుకున్న తలుపు గడియ, నా ముఖాన్నే పడింది.

టెన్షన్‌లో ఒక పిచ్చి పని చేశాను. 443కి పంపే రూలు తీసేసి, కాసేపు మామూలు హెచ్‌టీటీపీలో నడిపిద్దాం అనుకున్నాను. మా సైటుకి ఎప్పుడూ రాని ఫోన్లలో తెరుచుకుంది. ఇంతకుముందు ఒక్కసారైనా మా సైటుకి వచ్చిన ఫోన్లలో తెరుచుకోలేదు, హెచ్‌ఎస్‌టీఎస్ ఏడాది వరకూ గుర్తుంచుకోమంది కదా. అంటే మా నమ్మకమైన వాడుకదారులకే తలుపు మూత. పైగా పిల్లల పాస్‌వర్డ్లు బట్టబయలుగా వెళ్తున్నాయని గుర్తొచ్చి పది నిమిషాల్లో మళ్లీ మార్చేశాను.

గడువు తీరిపోయిన సర్టిఫికెట్ రెన్యూ కాదు, కొత్తది అడగాల్సిందే. అడిగాను, సీనేమ్ రికార్డు మళ్లీ పెట్టాను, 'పెండింగ్' అని చూపిస్తూ కూర్చుంది. ఈలోగా అమలాపురం వైపు కాలేజీ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఫోన్‌లో తేదీ నిన్నటికి మారిస్తే ఓపెన్ అవుతోంది సార్. మా వాళ్లందరం అలాగే కడుతున్నాం." గడువు తీరిందా లేదా అని బ్రౌజర్ చూసేది ఫోన్ గడియారంలోనే, కాబట్టి వాడన్నది నిజమే. ఆ పని చేయొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెయ్యమనీ చెప్పలేదు. నలభై నిమిషాలకు సర్టిఫికెట్ వచ్చింది, లోడ్ బ్యాలెన్సర్‌కి తగిలించాను, ఎనిమిదింటికి సైటు తెరుచుకుంది. ఫీజు గడువు సాయంత్రం వరకు ఉంది కాబట్టి బతికిపోయాం.

తప్పు లోడ్ బ్యాలెన్సర్‌దని అనను. రికార్డు పోగొట్టింది నేను, మెయిల్ చూడనిది నేను. కానీ ఒక్క మాట. సర్టిఫికెట్ మర్చిపోవచ్చని అందరికీ చెప్పిన మనిషిని కదా, దాన్ని కొంచెం దిద్దుకుంటున్నాను. సర్టిఫికెట్‌ను మర్చిపోవచ్చు, ఆ గజిబిజి రికార్డును మర్చిపోకూడదు. చేతితో చేసే రోజుల్లో 90 రోజులకోసారి గుండె దడ ఉండేది, అందుకే ఎప్పుడూ తప్పిపోలేదు. తనంతట తాను జరిగే పని ఆగిపోయినా చప్పుడు చెయ్యదు. పైగా సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, మరుసటి ఏడాది 100కి, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుందని 2025 ఏప్రిల్‌లోనే తీర్మానం అయిపోయింది. ఇక చేతితో రెన్యూ చేసుకోవడం అయ్యే పని కాదు. నాలాంటివాళ్లు ఇష్టమున్నా లేకున్నా ఆటోమేటిక్ మీదే ఆధారపడాలి.

కొనమంటారా అంటే, మీ ఇంటి లెక్కను బట్టి. నాకు నెలకు రెండు వేల రూపాయల దాకా పడుతోంది, సైటుకి ఎవరూ రాని రోజు కూడా గంటల లెక్కన మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఒకే సర్వర్ ఉండి, అది మీ చేతిలో ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్, సర్ట్‌బాట్ చాలు, నేనైతే ఆ డబ్బు బ్యాకప్‌ల మీద పెడతాను. రెండు మూడు సర్వర్లుండి, వాటిని బయటి ప్రపంచానికి కనబడకుండా దాచాలనుకుంటే మాత్రం నేనిప్పటికీ దీన్నే పెట్టుకుంటాను, అదే మధ్యాహ్నం పని మళ్లీ చేస్తాను. హెచ్‌ఎస్‌టీఎస్ మాత్రం మొదట ఐదు నిమిషాలకు పెట్టి, కొన్నాళ్లు చూసి, మెల్లగా పెంచుతాను. మా ఖాతా మెయిల్ ఇప్పుడు ముగ్గురికి వెళ్తుంది.

ఇంకొకటి పెట్టుకున్నాను. క్లౌడ్‌తో సంబంధం లేని ఒక చిన్న మెషిన్ రోజూ పొద్దున బయటి నుంచి మా సైటుకి వచ్చి, సర్టిఫికెట్‌కి ఇంకా ఎన్ని రోజులుందో నా ఫోన్‌కి పంపుతుంది. ఒక్క అంకె, అంతే. 2025 ఏప్రిల్‌లో 62, 61, 60 అని దిగుతూ వస్తుంటే మూడు రోజులు కాఫీ కూడా సరిగ్గా తాగలేదు. నాలుగో రోజు పొద్దున 394 వచ్చింది. మా ఆవిడకి చూపిస్తే, "ఏంటది, కరెంటు బిల్లా?" అంది.