సెపరబుల్ వెర్బ్స్ యాప్: ఆ చివరి ముక్కతోనే పేచీ

ఈ యాప్‌లో నేర్పేది జర్మన్‌లో రెండు ముక్కలయ్యే క్రియలు: 'అన్‌రూఫెన్' (ఫోన్ చెయ్యడం) వాక్యంలో పడితే ముందున్న 'అన్' అనే ప్రిఫిక్స్ విడిపోయి వెనక్కి పోతుంది. ఇందులో నాకు పడనిది మాటల ముక్కలు వరసలో పేర్చే అభ్యాసం. ప్రిఫిక్స్ ముక్కకి ఫుల్‌స్టాప్ కూడా అంటించి ఇస్తారు! 'అన్.' అని కనబడ్డాక దాన్ని చివర పెట్టడానికి జర్మన్ రానక్కర్లేదు. పచ్చటిక్కులు వరసగా పడతాయి, వచ్చేసిందనిపిస్తుంది. అదే వాక్యం సొంతంగా రాయమంటే 'ఇష్ రూఫె దిష్' (నీకు ఫోన్ చేస్తా) దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

అంతకన్నా చేటు చేసేది లెవెల్ మొదట్లో చెప్పే సూత్రం: ప్రిఫిక్స్ వాక్యం చివరికి పోతుందట. పొట్టి వాక్యాలకి సరే. 'నెల్లూరు చేరగానే ఫోన్ చేస్తా' అనాలంటే? 'ఇష్ రూఫె దిష్ అన్, వెన్ ఇష్ ఇన్ నెల్లూరు అన్‌కొమె.' మొదటి 'అన్' కామా ముందే ఆగాలి. అది మూసేది కామా ముందున్న తన భాగాన్నే గానీ మొత్తం వాక్యాన్ని కాదు. రెండోది, 'అన్‌కొమెన్' (చేరడం)లోది, అసలు విడిపోదు; వెన్ (అప్పుడు), వైల్ (ఎందుకంటే), దస్ (అని) తర్వాత క్రియ చివరికి పోయి ప్రిఫిక్స్‌తో కలిసిపోతుంది. యాప్ సూత్రాన్ని నమ్మితే మొదటి 'అన్' కూడా పోయి 'అన్‌కొమె' వెనక పడుతుంది. క్రియ చివర రావడం పుట్టినప్పట్నించీ అలవాటైన మనకి వైల్ వాక్యాలే ముందు నేర్పొచ్చు. వాటిని ఎక్కడో ఆఖరి లెవెల్లో దాచారు.

పోలిక వాక్యాల్లోనూ ఇదే గోల. 'ఏర్ జీట్ యుంగర్ ఔస్ అల్స్ జైన్ బ్రూడర్' (వాడు తన సోదరుడికన్నా చిన్నవాడిలా కనిపిస్తాడు) అని జర్మన్లు మామూలుగా అనే మాటే. 'ఔస్' చివర లేదని యాప్ ఎర్రగీత కొడుతుంది.

వినే అభ్యాసం మాత్రం బంగారం. ఊనిక ప్రిఫిక్స్ మీద పడితే విడిపోతుంది, ధాతువు మీద పడితే విడిపోదు. 'ఉమ్‌ఫారెన్'లో 'ఉమ్'ని ఒత్తితే బండితో గుద్ది పడెయ్యడం, 'ఫా'ని ఒత్తితే పక్కనుంచి తప్పుకుపోవడం. దీన్ని పుస్తకంలో చదివితే ఎక్కదు, చెవికి పట్టాలి. కాకపోతే ఇది విడి మాటల వరకే. పూర్తి వాక్యాల రికార్డింగు ప్రతి మాటనీ సాగదీసి సమానంగా ఒత్తుతుంది, అక్కడ ఊనిక తేడా తెలీదు.

వాడుకునేవాళ్లు సెట్టింగ్స్‌లో ముక్కలు ఆపేసి కీబోర్డు పెట్టుకోండి. ప్రతి క్రియనీ ఐదు రూపాల్లో టైపు చెయ్యండి: రూఫె... అన్, ముస్... అన్‌రూఫెన్; వైల్... అన్‌రూఫె, హాబె... అన్‌గెరూఫెన్, అన్‌త్సురూఫెన్. 'గె', 'త్సు' మధ్యలో దూరడం నాలుగు, ఐదు రూపాల్లోనే తెలుస్తుంది. పక్కనే 'ఫెర్‌ష్టేయెన్' (అర్థం చేసుకోవడం) లాంటి విడిపోనిది ఒకటి పెట్టుకోండి, దానికి 'గె' రాదు: ఫెర్‌ష్టాండెన్. బే, ఎర్, ఎంట్, త్సెర్ ప్రిఫిక్స్‌లదీ ఇదే దారి.

మద్రాసు పోయి గోథె బీ1 అనే జర్మన్ పరీక్ష రాసేవాళ్లకి 60 నిమిషాల్లో మూడు రచనలుంటాయి. అక్కడ ముక్కలెవరూ పేర్చి ఇవ్వరు. నెల్లూరులోనో ఒంగోలులోనో క్లాసుకి పోతూ, నోటుబుక్ దిద్దే టీచరుంటే ఈ యాప్‌కి డబ్బు కట్టాల్సిన పన్లేదు. కందుకూరు, ఉదయగిరి వైపు ఉండి నర్సు డ్యూటీల మధ్య ఒక్కళ్లే చదువుకునేవాళ్లయితే నెల చందా కట్టి చూడొచ్చు, అదీ వినే అభ్యాసం కోసమే. ఏడాది చందా జోలికి మాత్రం నేనైతే పోను, ఆ సూత్రం మార్చేదాకా.