పిల్లి గోళ్ల కట్టర్: పెద్దది వద్దు, చిన్న కత్తెర రకం చాలు

విజయనగరం, శ్రీకాకుళం పెట్ షాపుల్లో సరుకు ఎక్కువగా కుక్కలదే. పిల్లి గోళ్లకు కట్టర్ కావాలంటే ముందు కుక్కలకు వాడే పెద్ద ప్లయర్ లాంటిది చేతిలో పెడతారు. దాన్ని పక్కన పెట్టి, అరచేతిలో ఇమిడే చిన్న కత్తెర రకం అడగండి. బ్లేడ్లు పొట్టిగా, మధ్యలో నెలవంక ఆకారంలో గాడితో ఉంటాయి. మామూలుగా 300 రూపాయల లోపే దొరుకుతుంది, ఆ డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తుంది.

ఆ గాడిలోనే ఉంది దీని గొప్పంతా. గోరు అందులో కూర్చుని జారదు. మనం వాడే నెయిల్ కట్టర్ బల్లపరుపు గోళ్ల కోసం చేసింది. పిల్లి గోటిని అది నలిపి, పొరలుగా చీలుస్తుంది. మొద్దుబారిన కట్టరూ అంతే చేస్తుంది కాబట్టి, కొనగానే ఒక కొబ్బరి చీపురుపుల్ల కత్తిరించి చూడండి. నున్నగా తెగితే పదునుంది. పీచు వేలాడితే మార్చుకోండి.

కొన్ని మోడళ్లకు బ్లేడ్ వెనక అడ్డుపట్టీ ఉంటుంది, ఎక్కువ లోతుగా తెగకుండా ఆపుతుందని చెబుతారు. పిల్లుల విషయంలో దాన్ని నమ్మకండి. గోటి లోపలి గులాబీ భాగం ఒక్కో గోటికి ఒక్కోచోట ఆగుతుంది, అది కంటికి కనబడాలే తప్ప పట్టీకి తెలియదు. రక్తనాళమూ నరమూ ఉండేది అందులోనే. సెట్‌లో ఇచ్చే ఆకురాయి కూడా చాలా పిల్లులు భరించవు.

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, తిండి తిని మత్తుగా ఉన్నప్పుడు పిల్లిని పట్టుకోండి. పిల్లి వేలి పైన మీ బొటనవేలు, కింద మెత్త మీద చూపుడువేలు పెట్టి నెమ్మదిగా నొక్కితే గోరు బయటికి జరుగుతుంది. ఒక బ్లేడ్ గోటి పైన, ఒకటి కింద ఉండేలా పట్టి, గులాబీ భాగానికి 2 మిల్లీమీటర్ల ముందే తెంపాలి. పోవలసింది ఆ కొక్కెం మొన మాత్రమే. పిల్లి కాలు లాక్కుంటే వదిలేయండి, బిగించి లాగితే మరుసటిసారి కట్టర్ చూడగానే మంచం కిందికి దూరుతుంది. ఒక్కరోజులో 18 గోళ్లూ తీయాలని పంతం వద్దు, పూటకు రెండు మూడు తీసినా చాలు. మరీ గింజుకుంటే తువ్వాలులో చుట్టి ఒక్క కాలే బయటికి తీయండి.

ముందు కాళ్లకు లోపలివైపు, కాస్త పైన ఉండే బొటనగోటిని చాలామంది మర్చిపోతారు. అది నేలకు తగలదు, అరగదు. ముసలి పిల్లుల్లో గుండ్రంగా తిరిగి మెత్తలోకే దిగి చీము పట్టిస్తుంది. అలా దిగిన గోటిని ఇంట్లో ముట్టుకోకుండా పశువైద్యుడికి చూపించాలి. గోళ్లన్నీ రెండు మూడు వారాలకోసారి చూసుకోవాలి, వెనక గోళ్లకు అంత తరచుగా అవసరం ఉండదు.

పొరపాటున రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ చిటికెడు అద్ది, శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడిపోతుంది. పిల్లి మిమ్మల్నే గీరితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి, చిన్న గీతే కదా అనుకోవద్దు. పిల్లికి రేబిస్ టీకా ఎలాగూ వేయించి ఉండాలి.

కట్టర్‌లో లోపం ఒకటుంది: స్క్రూ వదులవుతుంది. బ్లేడ్ల మధ్య సందు కనబడితే బిగించండి, లేకపోతే తెగకుండా నలుగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు కూడా తొందరగా పడుతుంది. వాడాక తుడిచి, కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయాలి.

బయట తిరిగే పిల్లికి మాత్రం ఈ కట్టర్ కొనకండి. వీధికుక్క తరిమితే చెట్టెక్కడానికి దానికి ఆ గోళ్లే దిక్కు. ఇంట్లో ఉండే పిల్లికైనా గోకడానికి చోటు కావాలి, ఎందుకంటే గోటి పాత పొర ఊడేది ఎక్కువగా అలా గోకినప్పుడే. జూట్‌కు పేరున్న ఈ ప్రాంతంలో గోనెకు కరువేముంది? 80 సెంటీమీటర్లకు తగ్గని చెక్కకు గోనెపట్టా బిగించి, ఒళ్లు పూర్తిగా సాగదీసి గోకినా కదలకుండా గోడకు కొట్టి, పిల్లి ఇప్పటికే గోకుతున్న సోఫా పక్కనే పెట్టండి.