అన్నం గిన్నె లేని క్యారేజీ: రెండున్నరేళ్ల అనుభవం

రెండున్నరేళ్లుగా నా ఆఫీసు క్యారేజీలో అన్నం గిన్నె ఉండటం లేదు. రాత్రి ఇంట్లో కొంచెం అన్నం తింటాను, పండగొస్తే పులిహోర తింటాను. మానేసింది మధ్యాహ్నం ఒక్క పూటే. ఉప్పల్ నుంచి బేగంపేట దాకా మెట్రోలో వెళ్లొచ్చే ఉద్యోగం నాది. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు కదిలితే ఒంటిగంటన్నరకి గానీ డబ్బా మూత తీయను. మా ఆఫీసులో మైక్రోవేవ్ ఒక్కటే, దాని ముందు పదిమంది. అందుకని ఐదున్నర గంటల తర్వాత చల్లగా తిన్నా బాగుంటుందా లేదా అన్నదే నాకు అసలు పరీక్ష.

2022 చివర్లో రక్తపరీక్ష చేయిస్తే, మూడు నెలల సగటు షుగర్‌ని చూపే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. మా నాన్నకి కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ మూడు నెలలు మానకపోవడం కళ్లారా చూసినదాన్ని, చాలా భయమేసింది. డాక్టర్ గారు మందు రాయలేదు. "మధ్యాహ్నం ఎంత అన్నం తింటున్నారో ఒకసారి తూచి చూడండమ్మా" అన్నారు. ఇంటికొచ్చి తూస్తే నా గిన్నెలో 320 గ్రాములు పడుతోంది. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల కార్బ్స్ (ఒంట్లో షుగర్‌గా మారే పిండిపదార్థాలు) ఉంటాయి. అంటే ఆ ఒక్క గిన్నెలోనే 90 గ్రాములు. దానికి తోడు కూర రెండు గరిటెలు.

మొదట్లో ఫోన్లో కనిపించినవన్నీ చేసి చూశాను. కాలీఫ్లవర్ తురిమి అన్నంలా చేసుకోవడం వేడివేడిగా బాగానే ఉంటుంది. మూసిన డబ్బాలో ఐదు గంటలు మగ్గాక మాత్రం ఆ వాసన పక్క టేబుల్ దాకా వెళ్తుంది. రెండు వారాలకి ఆపేశాను. కీరా, టమాటా సలాడ్ ఇంకా తొందరగా పోయింది. ఉప్పు తగిలితే కీరా నీళ్లొదిలేస్తుంది, నాలుగింటికల్లా ఆకలి మొదలవుతుంది, కిందికి దిగితే సమోసాలు ఎదురుగా ఉంటాయి.

కొర్రల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన దగ్గర చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మిల్లెట్స్‌లో పీచు ఎక్కువ, నాకు ఇష్టం కూడా. కానీ అవీ ధాన్యాలే. బియ్యంలో నూటికి దాదాపు 78 గ్రాముల కార్బ్స్ ఉంటే కొర్రల్లో 60 పైనే ఉంటాయి. "కొర్రన్నం కదా" అని గిన్నె నిండా పెట్టుకుని నాలుగు నెలలు తిన్నాను. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మామూలు అన్నానికి 180 దాటేది, కొర్రన్నానికి 165 దగ్గర ఆగేది. నేను ఆశించినంత తేడా లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ధాన్యాలనీ మిల్లెట్స్‌నీ ఒకే వరసలో పెట్టి, రెండూ కలిపి రోజు మొత్తం శక్తిలో 45 శాతం దాటొద్దన్నారు. రోజూ ఆ స్టేషన్ మీదుగానే వెళ్తాను, ఆ మాట గుర్తొస్తుంది.

చివరికి నిలిచింది మన కూరలే. రెండు గరిటెలు పెట్టుకునే కూరని పెద్ద గిన్నె నిండా పెట్టుకోవడం, పక్కన గుడ్డో పనీరో చికెనో తప్పకుండా ఉంచడం. అంతే మారింది.

వారంలో రెండు రోజులు బీన్స్ కొబ్బరి కూర, కోడిగుడ్డు పొరటు. పొరటులో నాకు తెలిసొచ్చింది ఒకటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక టమాటా వేసి, నూనె పక్కలకి తేలేదాకా ఓపిగ్గా మగ్గనివ్వాలి. తడి ఉండగానే గుడ్లు కొడితే పొద్దున బాగుంటుంది గానీ మధ్యాహ్నానికి డబ్బా అడుగున పసుపు నీళ్లు చేరతాయి. గుడ్లు వేశాక వెంటనే గరిటె పెట్టకుండా అర నిమిషం ఆగితే పెద్ద ముక్కలుగా వస్తుంది, స్పూనుతో తినడానికి వీలుగా ఉంటుంది. దించాక పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పది నిమిషాలు పెట్టి, ఆవిరి పోయాకే మూత పెడతాను. మూడు గుడ్లకి దాదాపు 18 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, గుడ్లలో కార్బ్స్ లెక్కలోకి రానంత తక్కువ. ఇది తిన్న రోజు సాయంత్రం ఆరింటిదాకా ఆకలి అనిపించదు. మొత్తం మీద నా మొదటి ఓటు దీనికే.

రెండోది పెసరట్టు. చాలామంది కరకరలాడటానికి పిండిలో గుప్పెడు బియ్యం వేస్తారు, నేను వేయను. పెసల్లోనూ కార్బ్స్ ఉన్నాయి కాబట్టి పెద్దది ఒక్కటే పట్టుకెళ్తాను. చల్లారాక అట్టముక్కలా బిగుసుకుపోవడం దీంతో వచ్చే ఇబ్బంది. ఎర్రగా కాలకముందే తీసి, మధ్యలో 50 గ్రాముల పనీర్ తురుము, సన్నగా తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర పరిచి చుట్టేస్తే ఆ తడికి మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటుంది. అల్లం పచ్చడిలో బెల్లం పడుతుంది, కాబట్టి పల్లీల పచ్చడి.

మిగతా రోజుల్లో గోరుచిక్కుడు వేపుడుతో చికెన్, లేదంటే గట్టిగా వండిన తోటకూర పప్పుతో మీల్‌మేకర్ వేపుడు. మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండకపోతే పచ్చివాసన పోదు. ఉడికించిన శనగలు గుగ్గిళ్లుగా పట్టుకెళ్లడం తేలికే, కానీ గిన్నెడు తింటే మళ్లీ కార్బ్స్ పెరుగుతాయి. గుప్పెడు చాలు.

ఎండాకాలంలో పద్ధతి మార్చుకోవాలి. పోయిన మే నెలలో కొబ్బరి కూర పాడైపోయి డబ్బా మొత్తం పారబోశాను. ఏప్రిల్ నుంచి కొబ్బరి బదులు వేయించిన నువ్వుల పొడి చల్లుతున్నాను. పెరుగు పులిసిపోకుండా, గోరువెచ్చని పాలలో చిటికెడు తోడు వేసి చిన్న డబ్బాలో పోసుకెళ్తే తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది.

శ్రమ ఉంది. ఆదివారం సాయంత్రం మా ఆయనా నేనూ కూర్చుని ముప్పావుగంట కూరగాయలు తరుగుతాం, పొద్దున పాతిక నిమిషాలు పొయ్యి దగ్గర గడుస్తుంది. నెలకి తొమ్మిది వందల దాకా అదనపు ఖర్చు. గుడ్లు, పనీర్ ఊరికే రావు కదా.

మా అత్తయ్య ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. "మెతుకు లేకుండా పంపిస్తే మీ అమ్మ నన్నేమనుకుంటుందమ్మా?" అని రోజూ బాధపడేవారు. నా హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చిన కాగితం చదివి వినిపించాక, ఆవిడే బీన్స్ ఈనెలు తీసి పెడుతున్నారు.

ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఇలా మార్చొద్దు. మా సెక్షన్లో ఒకావిడ నన్ను చూసి మధ్యాహ్నం అన్నం మానేశారు, పొద్దున మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకి చేతులు వణికి, చెమటలు పట్టి కుర్చీలో వాలిపోయారు. అప్పటికప్పుడు పంచదార నీళ్లు తాగించాం. డాక్టర్ మాత్ర మోతాదు తగ్గించాక ఇప్పుడు ఆవిడ కూడా సగం అన్నం, సగం కూరతో హాయిగా ఉన్నారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కూడా ప్రొటీన్ పెంచే ముందు తప్పకుండా అడగండి.

ఇన్నాళ్లయినా మనసు లాగేది చారన్నం ఒక్కటే, ముఖ్యంగా వాన పడే మధ్యాహ్నాలు. చిన్న ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్లి, గుడ్లు తిన్నాక గ్లాసులో తాగుతున్నాను.