ఓర్ఛా: ఒక్క పూటతో సరిపెట్టుకోకండి

ఢిల్లీ వైపు వెళ్ళే మన రైళ్ళలో చాలా వాటికి ఝాన్సీలో స్టాప్ ఉంది. స్టేషన్ పేరు ఇప్పుడు వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీ, బుక్ చేసేటప్పుడు కంగారు పడొద్దు. అక్కడి నుంచి మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛా, అంటే బుందేలా రాజుల పాత రాజధాని, 16-18 కిలోమీటర్లే. బస్టాండు దగ్గర షేర్ ఆటోలు దొరుకుతాయి కానీ నిండితే గానీ కదలవు. సామాను ఉంటే స్టేషన్ బయటే ఆటో మాట్లాడుకోవడం నయం.

ఎక్కువమంది ఖజురహో పోతూ పోతూ ఇక్కడ పూట ఆగి, కోట చూసేసి వెళ్ళిపోతారు. నన్నడిగితే అది దండగ. బేత్వా నది ఒడ్డున గడపాల్సింది తెల్లవారాక ఓ రెండు గంటలు, మళ్ళీ పొద్దువాలాక. కాబట్టి రాత్రి బస తప్పదు.

కోటలో జహంగీర్ మహల్ ముందు చూడండి. దాని వెనకున్న కథ తెలిస్తే ఇంకా బాగుంటుంది. అక్బర్ మీద తిరగబడ్డ కొడుకు సలీం కోసం బుందేలా వంశపు బీర్ సింగ్ 1602లో అక్బర్ ఆంతరంగికుడు అబుల్ ఫజల్‌ని చంపించాడు. సలీం జహంగీర్‌గా గద్దెనెక్కాక బీర్ సింగ్ దశ తిరిగింది. ఈ మహల్ ఆ స్నేహానికి గుర్తు. మెట్లు నిటారుగా, ఇరుగ్గా, చీకటిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది అంతస్తుతో ఆగడం మంచిది. పైకి వెళ్ళగలిగితే గోడల మీద అక్కడక్కడా మిగిలిన నీలి పెంకులు, అవతల నది కనిపిస్తాయి. కోట టికెట్ ఊళ్ళో మిగతా కట్టడాలకూ చెల్లుతుంది, పారేయకండి.

రామ్‌రాజా గుడి అసలు రాణిగారి మహల్. అయోధ్య నుంచి తెచ్చిన విగ్రహాన్ని గుడి పూర్తయ్యేదాకా అక్కడ ఉంచారట, తర్వాత కదలనంది. ఆ విగ్రహం కోసం కట్టిన చతుర్భుజ ఆలయం పక్కనే ఆకాశమంత ఎత్తున ఉంది. భద్రాద్రి రాముణ్ణి చూసి పెరిగిన మనకు కూడా, రాముడు ఇక్కడ రాజు కాబట్టి సాయుధ పోలీసులు వందనం చేయడం కొత్తగానే ఉంటుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు.

జనం వదిలేసేది లక్ష్మీనారాయణ ఆలయాన్ని. ఊరికి కాస్త ఎడంగా, గుట్ట మీద ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. గోడల మీద రామాయణ ఘట్టాలున్న చోటే ఝాన్సీ యుద్ధం కూడా గీశారు: కోట, ఫిరంగులు, బారులు తీరిన ఇంగ్లీషు సైనికులు. చిన్న టార్చి తీసుకెళ్ళండి.

ఇక బస. కోట ఆవరణలోనే మధ్యప్రదేశ్ టూరిజం వారి షీష్ మహల్ ఉంది. గదులు కొన్నే కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళకు అదే సరి. పిల్లలుంటే నది దగ్గరి కాటేజీలు హాయి. నేను మాత్రం బజార్లో ఒక లాడ్జిలో దిగాను. వేడినీళ్ళు ఉన్నాయన్నారు, వచ్చింది ఒక్క బకెట్. పైగా తెల్లారకముందే మైకులు మొదలు. గుడికి దగ్గరని గది తీసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

బేత్వాలో రాఫ్టింగ్ ఉంది. రిషికేశ్‌లో చేసినవాళ్ళకు ఇది పిల్లలాటే. కాసేపు రాళ్ళ మధ్య కుదుపులు, తర్వాత అంతా నిదానం. ఈత రాని వాళ్ళకూ, మొదటిసారి ఎక్కేవాళ్ళకూ బాగుంటుంది. లైఫ్ జాకెట్ బెల్టులు సరిగ్గా బిగుస్తున్నాయో లేదో మీరే లాగి చూసుకోండి. నాకు అంతకన్నా సైకిల్ నచ్చింది. అద్దెకు తీసుకుని వంతెన దాటితే అవతల అభయారణ్యం. జింకలు, నెమళ్ళు కనిపించొచ్చు, పులి మీద ఆశ పెట్టుకోవద్దు. వంతెన ఇరుకు, పిట్టగోడ లేదు, ఎదురుగా బండి వస్తే దిగి నిలబడటమే. ఒడ్డున రాజుల ఛత్రీల (స్మారక మండపాల) శిఖరాల మీద రాబందులు గూళ్ళు పెడతాయి. బైనాక్యులర్స్ ఉంటే గంట ఇట్టే గడిచిపోతుంది.

వానాకాలంలో నీళ్ళు వంతెన మీదికే వస్తాయి, రాఫ్టింగూ ఉండదు. ఏప్రిల్ నుంచి ఎండలు మండిపోతాయి. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు చూసుకోండి.