తిరుపతి ట్రావెల్స్, లాడ్జీల వాళ్లూ… మీ డొమైన్ ఎవరి పేరు మీదుందో ఈ రాత్రే చూసుకోండి

బ్రహ్మోత్సవాలకు ఇంకా 12 రోజులుంది. ఫోన్ ఆగకుండా మోగాల్సిన టైములో మూడు రోజులుగా చప్పుడు లేదు. పొద్దున అనుమానమొచ్చి మా సైట్ అడ్రస్ (డొమైన్ అంటే అదే) కొడితే ఇంకో ట్రావెల్స్ పేజీ తెరుచుకుంది. మా కాణిపాకం–శ్రీకాళహస్తి ప్యాకేజీ కోసం వచ్చినవాళ్లంతా వాళ్ల వాట్సాప్ బటన్ మీద పడుతున్నారు. ఇది హ్యాకింగ్ కాదు, సైట్ చేసినాయనే తిప్పాడు. పేరు రాయను. మీలో సగం మంది సైట్లు ఆయన చేతిలోనే ఉన్నాయి, “మూడు రోజుల్లో వెబ్‌సైట్” ఫ్లెక్సీ చూడనివాళ్లు ఉండరు.

ఈసారి రెన్యువల్‌కు 18,500 అడిగాడు. విడివిడిగా రాసివ్వమంటే రాసిచ్చాడు: డొమైన్ 3,500, హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ అద్దె) 8,000, ఎస్‌ఎస్‌ఎల్ (సైటు భద్రతా సర్టిఫికెట్) 4,000, మెయింటెనెన్స్ 3,000. డొమైన్ నా అకౌంటుకు మార్చెయ్, మిగతావి నేను చూసుకుంటానన్నా. ఆ ఒక్క మాటకే గొంతు మారిపోయింది.

“డొమైన్ నా అకౌంట్లో ఉండాది, నా కార్డుతో కొన్నా. నువ్వు సైట్‌కి దుడ్లిచ్చినావు గానీ, పేరుకిచ్చినావా?”

నాలుగేళ్లుగా మాటకు ముందొక అన్నా, వెనకొక అన్నా అన్న నోరే ఇది. కొటేషన్లో “డొమైన్, హోస్టింగ్ ఫ్రీ” అని నువ్వే రాశావు కదా అంటే ఏమన్నాడో వినండి. “ఫ్రీగా వాడుకోనిచ్చినా. రాసియ్యలా. యాడ చెప్పుకుంటావో చెప్పుకో పో.” ఫోన్ పెట్టేశాడు. అంతే, ఆ సాయంత్రమే తిప్పేశాడని ఇప్పుడు అర్థమవుతోంది.

నా మంటంతా ఏమంటే, ఆయన తప్పు మాట్లాడలేదు. డొమైన్‌ను ఎవరూ సొంతంగా కొనుక్కోరు, ఏడాదికింత అని రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర నమోదు చేసుకుంటారు. ఆ నమోదులో రిజిస్ట్రెంట్ (నమోదు చేసుకున్నవారు) అన్న చోట ఎవరి పేరు, ఎవరి మెయిల్ ఉంటే హక్కు వాళ్లది. “ఫ్రీ” అన్న ఒక్క అక్షరానికి నేను కట్టిన ధర ఇది. నలుగురికీ డొమైన్ పాఠాలు చెప్పే నేను కొటేషన్లో ఆ లైను చూసి సంతోషపడ్డాను, భలే తెలివి.

ఆయన మా సైటుకు పెట్టింది 301 రీడైరెక్ట్. పేజీ శాశ్వతంగా అక్కడికి మారిపోయిందని గూగుల్‌కు చెప్పడమన్నమాట. రోజులు గడిచేకొద్దీ నాలుగేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు కూడా మెల్లగా అటే పోతుంది. ఒకసారి చూసినవాళ్ల బ్రౌజరైతే దాన్ని గుర్తుపెట్టుకుని, రేపు సరిచేసినా కొన్నాళ్లు అటే తీసుకెళ్తుంది. అదే డొమైన్ మీద పెట్టుకున్న ఆఫీసు మెయిల్ కూడా ఆయన దయే. ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే సెట్టింగ్) తీసేస్తే కస్టమర్ మెయిళ్లతో పాటు, ఆ మెయిల్‌తో తెరిచిన ప్రతి అకౌంట్ పాస్‌వర్డ్ రీసెట్టూ ఆగిపోతుంది. రిజిస్ట్రార్ అకౌంటుకు ఎప్పుడూ విడిగా ఒక జీమెయిల్ ఇవ్వండి, సొంత డొమైన్ మెయిల్ ఇవ్వొద్దు. ఇస్తే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టవుతుంది.

ఇక ఆ 18,500 సంగతి. డాట్ ఇన్, డాట్ కామ్ ఏదైనా రెన్యువల్ చాలాచోట్ల ఏడాదికి సుమారు 700 నుంచి 1,500 లోపు. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి బడ్జెట్ వేసుకోకండి, రెండో ఏడాది ధర చూడండి. పది పేజీల ట్రావెల్స్ సైటుకు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకోవడం) చాలు, రెన్యువల్ ధరలోనే ఏడాదికి 3,000 నుంచి 6,000 అవుతుంది. ఎస్‌ఎస్‌ఎల్ అంటారా, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఊరికే ఇస్తుంది, చాలా హోస్టింగుల్లో దానంతటదే రెన్యూ అవుతుంది. ఊరికే వచ్చేదానికి 4,000! మెయింటెనెన్స్ అంటే వర్డ్‌ప్రెస్ (సైటును నడిపే సాఫ్ట్‌వేర్), ప్లగిన్లు (దానికి తగిలించే అదనపు ముక్కలు) అప్‌డేట్ చేసి, నెలకోసారైనా బ్యాకప్ తీసి మనకివ్వడం. అది చేస్తే 3,000 ఎక్కువేం కాదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు. పైగా ఈ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కూడా వేశాడు, బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు.

బ్యాకప్ అడిగితే ఒక జిప్ ఫైల్ పంపాడు మహానుభావుడు. తెరిస్తే థీమ్ (సైటు పైరూపం) ఫోల్డర్ ఒక్కటే. వర్డ్‌ప్రెస్ సైట్ రెండు ముక్కలు. ఫొటోలు, థీమ్, ప్లగిన్లు డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్లో ఉంటాయి. మనం రాసిన మాటలు, రేట్లు, పేజీలు డేటాబేస్‌లో ఉంటాయి, అది ఎస్‌క్యూఎల్ ఫైలుగా వస్తుంది. రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా అది బ్యాకప్ కాదు. ఆ థీమ్ కూడా దొంగ కాపీ. డబ్బు కట్టాల్సిన థీమును ఎక్కడో ఊరికే దించి పెట్టాడు. ఇలాంటివాటిలోనే దొంగ కోడ్ దాగి ఉంటుంది, కొన్నాళ్లకు గూగుల్లో మన ట్రావెల్స్ పేరు కింద జపనీస్ అక్షరాలు కనబడతాయి. మా పేజీల్లోని రాతలు మాత్రం పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్లో చాలావరకు దొరికాయి, ఒక్కొక్కటీ కాపీ చేసుకుంటున్నా.

కోడ్ మీద హక్కు విషయంలోనూ మోసపోకండి. డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి మనదే అనుకుంటాం. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బయటి డిజైనర్ రాసిన కోడ్‌కు, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప, యజమాని అతనే. బదలాయించినా కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. కాబట్టి “పూర్తి హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా” అని ఒక్క వాక్యం రాయించి సంతకం పెట్టించుకోండి.

ఇంకో సంగతి. తిరుపతి సైట్లలో చాలావాటిలో “దర్శనం టికెట్లు ఇప్పించబడును” అని ఎర్రక్షరాల బ్యానర్ ఉంటుంది. డిజైనరే ఒక సైట్ నుంచి ఇంకో సైటుకు కాపీ కొడతాడు. టికెట్లు ఇచ్చేది టీటీడీయే, మనం కాదు. ఆ బ్యానర్ మీద కేసు పడితే డిజైనర్ రాడు, మీరే పోవాలి. మీ సైటులో ఉంటే ఇప్పుడే తీయించండి.

నేను ఇప్పుడేం చేస్తున్నానంటే, నాది డాట్ ఇన్ కాబట్టి దాని వ్యవహారం నిక్సీ సంస్థ కిందకొస్తుంది. డాట్ కామ్ లాంటివి చూసే ఐకాన్‌ సంస్థకు మొరపెట్టుకున్నా లాభం లేదు. నిక్సీ దగ్గర ఐఎన్‌డీఆర్‌పీ అని వివాదాల పరిష్కార పద్ధతి ఉంది గానీ, పేరు మీద మనకు హక్కుందని చూపించాలి. ట్రేడ్‌మార్క్ ఉంటే పని సులువయ్యేది. ఆన్‌లైన్లో వ్యక్తులకు, చిన్న వ్యాపారాలకు ఒక క్లాసుకు (వ్యాపార వర్గానికి) 4,500 ఫీజు, ట్రావెల్స్ 39వ క్లాసు. 4,500 మిగిల్చుకున్నా చూడండి, ఆహా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశా. వ్యాపారం కోసం కొన్న సేవకు వినియోగదారు చట్టం వర్తించదని వాదిస్తారు గానీ, బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. కొటేషన్, వాట్సాప్ చాట్, రీడైరెక్ట్ స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దాచా.

మీరు చేయాల్సింది కొంచెమే. హూయీజ్‌లో (డొమైన్ వివరాలు చూపే ఆన్‌లైన్ సేవ) మీ డొమైన్ కొట్టండి, రిజిస్ట్రార్ ఎవరో, గడువెప్పుడో కనిపిస్తుంది. పేరు దాచి ఉండొచ్చు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ఆ రిజిస్ట్రార్ సైటులో మీరు లాగిన్ కాగలిగితేనే డొమైన్ మీ చేతిలో ఉన్నట్టు. కాకపోతే డిజైనర్‌తో గొడవ పెట్టుకోకముందే, నవ్వుతూ ఉన్నప్పుడే అడగండి. అదే రిజిస్ట్రార్లో మీ అకౌంటుకు మార్చడం నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కైతే లాక్ తీసి, ఆథ్ కోడ్ (బదిలీకి అడిగే రహస్య కోడ్) ఇవ్వాలి. కొత్తగా కొన్న డొమైనైతే సాధారణంగా 60 రోజులు కదలదు. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి, ఆఖరి విడత పాస్‌వర్డులన్నీ మీరు మార్చుకున్నాకే. గూగుల్ మ్యాప్స్ ప్రొఫైల్లోనూ ప్రైమరీ ఓనర్ మీరేనా, ఉత్త మేనేజరా చూసుకోండి. నాది ఆ ఒక్కటైనా నా చేతిలో మిగిలింది, వెబ్‌సైట్ లింక్ తీసేసి ఫోన్ నంబరు మాత్రం ఉంచా.

కొత్త డొమైన్ మధ్యాహ్నమే నా కార్డుతో, నా జీమెయిల్‌తో కొన్నా. ఆరు కార్ల వెనక అద్దాల మీద పాత అడ్రస్ స్టిక్కర్లున్నాయి. అలిపిరి దాకా పోయొచ్చే ప్రతి ట్రిప్పులో ఇంకొకడికి ఊరికే ప్రచారం చేస్తున్నాం. రేపు పొద్దున బండ్లు బయటికి తీయకముందే పీకించాలి.